వీసా కాగితాలకు సూర్యాబాగ్ టైపింగ్ దుకాణం: నా అనుభవం

భార్య తరఫునో భర్త తరఫునో అమెరికా వలస వీసాకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్న విశాఖపట్నం వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సూర్యాబాగ్‌లో కోర్టుల దగ్గరి ఒక సందులో చిన్న టైపింగ్ దుకాణం ఉంది. బోర్డు మీద దుకాణం పేరేమీ ఉండదు. ‘తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్, అఫిడవిట్లు, స్కానింగ్’ అన్న అక్షరాలుంటాయి, అవి కూడా ఎండకు సగం వెలిసిపోయాయి. నడిపేది అరవై దాటిన ఒక అమ్మగారు. ఈ రెండేళ్లలో డబ్బు ఇచ్చి నేను చేయించుకున్న పనులన్నిటిలో నాకు నిజంగా అక్కరకొచ్చింది ఆమె చేసిన పనే. నాలుగైదుసార్లు వెళ్లినందుకు ఆమె తీసుకున్నది మొత్తం 1,850 రూపాయలు. అంతకుముందు ఒక కన్సల్టెన్సీకి నేను కట్టింది 35,000.

నేను పెందుర్తి దగ్గర ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నా భార్య చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా వెళ్లింది. అక్కడి పౌరసత్వం వచ్చింది, న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. మా పెద్దమ్మ వైపు చుట్టాలు ఈ సంబంధం తెచ్చారు. 2023 ఫిబ్రవరిలో సింహాచలంలో పెళ్లి అయింది. మూడు వారాలు ఉండి ఆమె ఉద్యోగానికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది 2024 సంక్రాంతికి, 18 రోజులు. మిగతా కాలమంతా మా కాపురం ఫోనులోనే. న్యూజెర్సీకీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. ఉదయం నేను కళాశాల బస్సు కోసం నిలబడితే అక్కడ ఆమెకు ముందురోజు రాత్రి భోజనాల వేళ. ఆ పది నిమిషాల మాటల్లో సగం వీసా సంగతే ఉండేది. ఏ కాగితం వచ్చింది, ఏది రాలేదు, ఏ అక్షరం ఎక్కడ తప్పింది.

ఈ వీసా దారి తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. అక్కడున్న భార్య ముందుగా ఐ-130 అనే పిటిషన్ వేయాలి. మాది 2023 ఏప్రిల్‌లో వేసింది, అప్పటి రుసుము 535 డాలర్లు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము పెరిగింది. ఆన్‌లైన్‌లో వేస్తే 625, కాగితాల మీద పంపితే 675. మాకు ఆమోదం రావడానికి పదమూడు నెలలు పట్టింది. ఆమోదం వచ్చాక ఫైలు న్యూహాంప్‌షైర్‌లోని జాతీయ వీసా కేంద్రానికి వెళ్తుంది, అందరూ ఎన్‌వీసీ అంటారు. అక్కడ 325 డాలర్లు వీసా దరఖాస్తుకు, 120 డాలర్లు పోషణ హామీ పత్రం (వచ్చే భర్త పోషణకు తనదే పూచీ అని భార్య రాసిచ్చేది) పరిశీలనకు కట్టాలి. డీఎస్-260 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో పూరించాలి. పుట్టిన, పెళ్లయిన, పోలీసు ధ్రువపత్రాలు స్కాన్ చేసి ఎక్కించాలి. అన్నీ సరిపోయాయని వాళ్లు చెప్పాకే ఇంటర్వ్యూ వరుసలోకి వస్తాం. పిటిషన్ వేసిన మనిషికి పౌరసత్వం ఉంటే ఏడాదికి ఇన్ని వీసాలే అన్న పరిమితి భార్యాభర్తలకు వర్తించదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే పరిమితి ఉంటుంది. అప్పుడు నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తమ వంతు చూసుకోవాల్సిందే.

ఇదంతా పెద్ద తలనొప్పి అనుకుని నేను మొదట నగరంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. పేరు రాయను. అద్దాల గది, చల్లటి గాలి, గోడ నిండా జెండాలు. అక్కడ మాట్లాడిన అబ్బాయి మర్యాదగా, గబగబా మాట్లాడాడు. ‘మీరేమీ చూసుకోనక్కర్లేదు సార్, సంతకం పెట్టి వెళ్లండి చాలు’ అన్నాడు. ఆ మాట నాకు ధైర్యంగా అనిపించింది. నా వివరాలన్నీ చెప్పాను. 2014లో పై చదువు కోసం హైదరాబాద్‌లో విద్యార్థి వీసాకు వెళ్తే నిరాకరించారన్న సంగతి కూడా చెప్పాను. పెళ్లిచూపుల్లోనే నా భార్యకూ, మామగారికీ చెప్పిన విషయం అది. దాచుకోవలసింది కాదు.

నాలుగు నెలల తర్వాత డీఎస్-260 దరఖాస్తు పంపించేశామని ఫోను వచ్చింది. నకలు అడిగితే ‘మీకెందుకు సార్’ అన్నారు. మూడుసార్లు అడిగాక వాట్సాప్‌లో పంపారు. దాన్ని నేను పైపైన చూసి పక్కన పెట్టాను. చేయవలసిన పని అప్పుడు చేయలేదు.

సూర్యాబాగ్ వెళ్లింది ఈ దరఖాస్తు కోసం కాదు, మా అమ్మ అఫిడవిట్ కోసం. నా పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. 1991లో చోడవరం దగ్గర మా అమ్మ పుట్టింట్లో పుట్టాను. ఎవరూ వెళ్లి రాయించలేదు. అలాంటప్పుడు రికార్డుల్లో నమోదు లేదని అక్కడి అధికారి ఇచ్చే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దానికి తోడు పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన దగ్గరి బంధువుల ప్రమాణ పత్రాలు, బడి సర్టిఫికెట్టు పెట్టాలి. మా వయసు వాళ్లలో పల్లెల్లో పుట్టిన చాలామంది పరిస్థితి ఇదే. ఆ ధ్రువపత్రం కోసం నేను ఊరికి నాలుగుసార్లు తిరిగాను. వచ్చింది చూస్తే అందులో ‘అనకాపల్లి జిల్లా’ అని ఉంది. నా పాస్‌పోర్టులో పుట్టిన చోటు ‘విశాఖపట్నం జిల్లా’. రెండూ నిజమే. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడు మా అమ్మమ్మ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. మనకు తెలిసిన ఈ సంగతి న్యూహాంప్‌షైర్‌లో కాగితం చూసే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆ అమ్మగారికి ఇదంతా చెప్పబోతే ఆపి, ‘ముందు కాగితాలన్నీ బల్ల మీద పెట్టండి బాబూ’ అన్నారు. పాస్‌పోర్టు, పదో తరగతి మార్కుల జాబితా, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, ఊరినుంచి తెచ్చిన ధ్రువపత్రం వరసగా పరిచారు. సొరుగులోంచి ఒక ఇనుప స్కేలు తీశారు. అంకెలన్నీ అరిగిపోయిన పాత స్కేలు. దాన్ని పాస్‌పోర్టులో నా పేరు కింద ఆనించి, ఒక్కొక్క ఇంగ్లిష్ అక్షరాన్నీ పైకి చదివారు. తర్వాత మార్కుల జాబితాలో అదే పేరు, ఆ తర్వాత పెళ్లి పత్రంలో. చదువుతున్నప్పుడు పేరును పేరుగా పలకలేదు, అక్షరాలుగానే పలికారు. పేరుగా చదివితే కన్ను తప్పును దాటేస్తుందని తర్వాత చెప్పారు. ముప్పై ఏళ్లు కోర్టు కాగితాలు కొట్టిన చేతులు ఆమెవి. టైపులో లోయరూ హయ్యరూ పాసై, మొదట మెషిన్ మీద, ఇప్పుడు కంప్యూటర్ మీద.

అలా చదివి మూడు తేడాలు పట్టారు. మార్కుల జాబితాలో నా ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇది మన తెలుగువాళ్లందరికీ ఉన్న చిక్కే, వీసా అధికారులకు అలవాటైనదే. రెండోది, మా నాన్నగారి పేరులో ‘రావు’ ఒకచోట కలిపి, ఒకచోట విడిగా ఉంది. మూడోది నేను రెండేళ్లుగా చూస్తూ కూడా గమనించనిది. పెళ్లి పత్రంలో నా భార్య పేరులో ఒక హెచ్ తక్కువ పడింది. ఆమె అమెరికా పాస్‌పోర్టులో రెండు హెచ్‌లు ఉన్నాయి. అమ్మగారు స్కేలు అక్కడే ఉంచి, ‘ఇది రిజిస్ట్రార్ కార్యాలయంలో దిద్దించుకురండి. దీనికి నేను అఫిడవిట్ కొట్టను. మూలంలో దిద్దించగలిగిన దాన్ని మూలంలోనే దిద్దించాలి’ అన్నారు. అఫిడవిట్ కొట్టేసి ఉంటే ఆమెకు అప్పటికప్పుడు డబ్బు వచ్చేది. దిద్దించడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది, దిద్దిన పత్రం చేతికి వచ్చింది.

మా అమ్మను తీసుకెళ్లిన రోజు గురించి కొంచెం వివరంగా రాయాలి. అమ్మకు ఇంగ్లిష్ రాదు. అఫిడవిట్ ఇంగ్లిష్‌లో ఉండాలి. ఇలాంటి చోట మామూలుగా జరిగేది మనందరికీ తెలుసు. ‘ఇక్కడ సంతకం పెట్టండమ్మా’ అంటారు, పెట్టేస్తారు. ఈ అమ్మగారు మా అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, టైపు చేసిన కాగితాన్ని వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పారు. చెప్పి, ‘ఇది నిజమేనా వదినగారూ?’ అని ప్రతి వాక్యానికీ అడిగారు. రెండో వాక్యం దగ్గర మా అమ్మ చెయ్యెత్తింది. ఆసుపత్రిలో ప్రసవం అయినట్టు అందులో ఉంది, వెనకటి ఎవరి కాగితంలోదో అలాగే ఉండిపోయింది. ‘ఆసుపత్రి కాదమ్మా, మా పుట్టింట్లోనే. మంత్రసాని వచ్చింది. మా అన్నయ్య లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాగుల చవితి, పుట్టలో పాలు పోసి వచ్చాకే నొప్పులు మొదలయ్యాయి’ అంది మా అమ్మ. నాకు ముప్పై మూడేళ్లు వచ్చాయి, ఆ లాంతరు సంగతి ఆ రోజే విన్నాను.

అమ్మగారు వెంటనే ఆ వాక్యం దిద్దారు. ఫోనులో పాత పంచాంగం తెరిచి 1991 నాగుల చవితి ఏ తేదీన వచ్చిందో చూశారు. పాస్‌పోర్టులో ఉన్న నా పుట్టినతేదీతో సరిపోయింది. బడిలో వేసిన తేదీ అసలు తేదీ ఒకటి కాని పిల్లలు మా తరంలో ఎంతమందో ఉన్నారు కాబట్టి చూశానన్నారు. ‘మీ అన్నయ్యగారు ఉన్నారా?’ అని అడిగారు. ఉన్నాడు, డెబ్బై ఏడేళ్లు, కొంచెం చెవుడు తప్పితే బాగానే ఉన్నాడు. ‘అయితే రెండో అఫిడవిట్ ఆయనదే. గుమ్మంలో నిలబడ్డవాడికంటే సాక్షి ఎవరు?’ అన్నారు. మా ఇద్దరు పిన్నమ్మల పేర్లు రాసుకుని వెళ్లిన నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పుట్టిన ఊరి దగ్గర ‘అప్పటి విశాఖపట్నం జిల్లా, ప్రస్తుత అనకాపల్లి జిల్లా’ అని ఒక్క మాట చేర్చారు. నేను వారం రోజులు తల పట్టుకున్న చిక్కు అర వాక్యంతో తీరింది. చివర, దీన్ని తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశారన్న వాక్యం పెట్టి, నోటరీ దగ్గరికి తానే తీసుకెళ్లారు.

డీఎస్-260 సంగతి బయటపడింది ఆ తర్వాతే. దరఖాస్తులో పేర్లూ తేదీలూ ఈ అఫిడవిట్లతో కలుస్తున్నాయో లేదో చూస్తాను, నకలు ఉంటే ఇవ్వండి అన్నారు. వాట్సాప్‌లో ఉన్నది ప్రింటు తీశాం. స్కేలు ఒక్కొక్క గీత కిందికీ దిగుతూ వచ్చింది. ఎన్నో పేజీయో గుర్తులేదు, ఒకచోట ఆగింది.

‘బాబూ, మీకు ముందెప్పుడూ అమెరికా వీసా కాదనలేదా?’

‘కాదన్నారమ్మా. 2014లో.’

‘ఇక్కడ లేదని ఉంది.’

నా చేతులు చల్లబడ్డాయి. నేను చెప్పిన విషయం, నా దరఖాస్తులో, నా పేరు మీద, అబద్ధంగా రాసి ఉంది. ఇంకొంచెం కిందికి వెళ్తే, ఈ దరఖాస్తు పూరించడంలో ఎవరైనా సహాయం చేశారా అన్న ప్రశ్నకు కూడా ‘లేదు’ అని ఉంది. 35,000 తీసుకున్నవాళ్లు తాము లేమని రాసుకున్నారు.

ఈ విషయం చదివేవాళ్లు జాగ్రత్తగా గ్రహించాలి. విద్యార్థి వీసా నిరాకరణ చాలావరకు అమెరికా వలస చట్టంలోని 214(బి) అనే సెక్షను కింద వస్తుంది. చదువు అయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని దాని అర్థం. శాశ్వతంగా వెళ్లడానికే ఇచ్చే వలస వీసాకు ఆ కారణం అడ్డం కాదు. అయితే దాన్ని దాచిపెట్టి రాయడం వేరే సంగతి. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి వీసా కోరారని అధికారి తేల్చితే, 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం అనర్హత పడవచ్చు. దాన్నుంచి బయటపడాలంటే మాఫీ కోసం మళ్లీ వేరే దరఖాస్తు, మళ్లీ ఏళ్ల తరబడి ఎదురుచూపు. పైగా 2014లో నా వేలిముద్రలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అది బయటపడకుండా ఎలా ఉంటుంది? కన్సల్టెన్సీకి ఫోను చేస్తే, ‘ఉందని రాస్తే అనవసరంగా ప్రశ్నలొస్తాయని అలా పెట్టాం సార్, అందరికీ అలాగే పెడతాం’ అని చెప్పారు. ‘అందరికీ’ అన్న ఆ మాటకే ఇది రాయాలనిపించింది. వాళ్లు అలా పంపిన దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో, ఆ మనుషులకు తమ పేరు మీద ఏముందో తెలుసో లేదో.

అమ్మగారు నన్ను భయపెట్టలేదు, ఓదార్చనూ లేదు. ‘అక్షరం తప్పితే నాది బాబూ. మాట తప్పితే మీది, సంతకం మీదే కాబట్టి. పంపినదాన్ని వెనక్కి తీసుకునే దారి ఉందేమో కనుక్కోండి’ అన్నారు. ఉంది. ఎన్‌వీసీ వెబ్‌సైట్‌లో విచారణల ఫారం ఉంటుంది. అందులో జరిగింది జరిగినట్టు రాసి, దరఖాస్తును మళ్లీ తెరవమని కోరాం. తెరిచారు. ఈసారి ప్రతి ప్రశ్ననూ నేనే చదివి, జవాబు నేనే చెప్పాను, ఆమె టైపు చేశారు. నిరాకరణ దగ్గర సంవత్సరం, ఊరు, వీసా రకం రాశాం. సహాయం చేసినవారి ప్రశ్న దగ్గర నేను ఆగితే, ‘అవునని పెట్టి నా పేరు, చిరునామా రాయండి. టైపు చేసింది నేనే కదా’ అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

దుకాణంలో లోటుపాట్లు కూడా చెప్పాలి. కూర్చోవడానికి రెండు స్టూళ్లే ఉన్నాయి. కరెంటు పోతే పని ఆగిపోతుంది. స్కానర్ పాతది, ఒక్కో కాగితానికి నిమిషం పైనే తీసుకుంటుంది. రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయాలి కాబట్టి ముప్పై కాగితాలుంటే పూట గడుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు వరకు తలుపు మూసి ఉంటుంది. వాట్సాప్‌లో పంపిన ఫొటోల నుంచి ఆమె టైపు చేయరు, అసలు కాగితం తెమ్మంటారు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇది కష్టమే, నాకు మాత్రం అదే నచ్చింది. ముఖ్యంగా, ఆమెకు వీసా నియమాలు తెలియవు, తెలుసనీ చెప్పరు. ఏ కాగితం కావాలో, ఏ ప్రశ్నకు అర్థమేమిటో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదువుకోవాలి. ఫారాలన్నీ అక్కడ ఉచితంగానే ఉన్నాయి. చట్టం మీద సందేహం ఉంటే అమెరికా న్యాయవాదిని అడగాలి. ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు న్యాయవాదులు కారు.

మిగతావి తేలికగానే జరిగాయి. పోలీసు ధ్రువపత్రానికి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి, మర్రిపాలెంలోని పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్లి, పోలీసు స్టేషన్ విచారణ పూర్తయ్యాక తెచ్చుకున్నాను. ఫొటో రెండంగుళాల చదరం, తెల్ల నేపథ్యం, కళ్లజోడు తీసేయాలి. పోషణ హామీ పత్రం, ఐ-864, నా భార్య సంతకం చేసింది. దీని బరువు చాలామందికి తెలియదు. ఇద్దరున్న కుటుంబానికి 2024లో కనీసం 25,550 డాలర్ల వార్షికాదాయం చూపాలి, పేదరిక రేఖకు అది 125 శాతం. ఆదాయం చూపడంతో బాధ్యత తీరదు. నాకు పౌరసత్వం వచ్చేవరకో, పదేళ్లకు సమానమైన పని లెక్క పూర్తయ్యేవరకో అది ఆమె మీద ఉంటుంది. విడాకులు తీసుకున్నా పోదు. ఫోనులో ఆ పేజీ ఆమెకు చదివి వినిపించి, ఒకసారి ఆలోచించుకోమన్నాను. ‘పెళ్లప్పుడే ఆలోచించాను’ అంది. వైద్య పరీక్షకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాను. కాన్సులేట్ వాళ్ల జాబితాలో ఉన్న వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష, టీకాలు. చిన్నప్పటి టీకాల కార్డు నా దగ్గర లేదు కాబట్టి ఒక్క రోజే రెండు చేతులకూ పొడిచారు.

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడలో 2023లో తెరిచిన అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా నా ఇంటర్వ్యూ ముంబయిలోనే. మా కేసు నంబరు ‘బీఎంబీ’ అక్షరాలతో మొదలవుతుంది, అంటే ముంబయి. మన ఊరినుంచి లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. అసలు కాగితాలున్న సంచిని తలకింద పెట్టుకుని పడుకున్నాను. మొదటి రోజు వేలిముద్రల కేంద్రం, మర్నాడు బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో కాన్సులేట్. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు, బసలోనే వదిలి వెళ్లండి.

2025 మార్చి, ఉదయం ఎనిమిది. నా ముందు గుజరాతీ ముసలి దంపతులు, వెనక చంటిబిడ్డతో ఒక పంజాబీ అమ్మాయి. మొదటి కిటికీలో అసలు పత్రాలు తీసుకున్నారు. అక్కడి ఉద్యోగిని మా మేనమామ అఫిడవిట్ పూర్తిగా చదివింది, ధ్రువపత్రంలో జిల్లా పేరు మీద వేలు పెట్టింది, మళ్లీ అఫిడవిట్‌లోని ఆ అర వాక్యం మీద పెట్టింది. ఏమీ అడగకుండా ఫైలులో చేర్చింది. గంటన్నర తర్వాత మరో కిటికీకి పిలిచారు. అద్దం అవతల ముప్పై ఏళ్ల అధికారిణి. కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయమన్నారు. చేశాను.

సంబంధం ఎలా కుదిరింది, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఆమె ఏ విభాగంలో పనిచేస్తుంది, చివరిసారి ఎప్పుడు కలిశారు. ఇవన్నీ అడిగారు. గుండెజబ్బుల వార్డు అని, సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మ దగ్గర అరిసెలు వత్తడం నేర్చుకుందని చెప్పాను. అరిసెలంటే ఏమిటని అడిగి, విని నవ్వారు. తర్వాత తెర చూస్తూ, మామూలు గొంతుతోనే, ‘ఇంతకుముందు ఎప్పుడైనా మీకు అమెరికా వీసా నిరాకరించారా?’ అన్నారు.

‘నిరాకరించారు. 2014లో, హైదరాబాద్‌లో, విద్యార్థి వీసా’ అన్నాను.

ఆమె తల ఊపారు. తెర మీద అది ముందే ఉందని ఆ ఊపులోనే తెలిసింది. దరఖాస్తును తెరిపించి దిద్దిన సంగతి కూడా అడిగారు, జరిగింది చెప్పాను. ‘దిద్దుకోవడం మంచిదైంది’ అన్నారు. ఇంకో నిమిషం ఏదో టైపు చేసి, వీసా ఆమోదిస్తున్నానని చెప్పి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకున్నారు. అంతా కలిపి ఆరేడు నిమిషాలు. మోసుకెళ్లిన పెళ్లి ఆల్బమ్ తెరవనే లేదు. బయటకు వచ్చాక చాలాసేపు చెట్టు కింద నిలబడ్డాను. ఫోను బసలో ఉంది, ఆమెకు చెప్పడానికి లేదు. కుర్లా దాకా ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆ వార్త నా ఒక్కడి దగ్గరే ఉంది.

ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 అనే వీసా రకం కింద రెండేళ్ల గ్రీన్‌కార్డు ఇస్తారు, గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులు మళ్లీ ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. మాకు ఫిబ్రవరిలోనే రెండేళ్లు నిండాయి కాబట్టి ఐఆర్-1 అనే రకం, నేరుగా పదేళ్ల కార్డు. ఆ కార్డు కోసం 235 డాలర్ల రుసుము వీసా వచ్చాక ఆన్‌లైన్‌లో వేరుగా కట్టాలి.

పాస్‌పోర్టు హైదరాబాద్‌లో తీసుకుని ఇంటికి వచ్చిన మర్నాడు, మాడుగుల హల్వా పట్టుకుని సూర్యాబాగ్ వెళ్లాను. అమ్మగారు ఎవరిదో పొలం దావా కాగితం కొడుతున్నారు. అది పూర్తయ్యేదాకా స్టూలు మీద కూర్చోమన్నారు. హల్వా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ‘ఏదీ, చూడనివ్వండి’ అన్నారు. వీసా ఉన్న పేజీ తెరిచి ఇచ్చాను. ఆమె సొరుగు లాగి స్కేలు తీశారు. నా పేరు కింద ఆనించి, ఒక్కొక్క అక్షరమే పైకి చదవడం మొదలుపెట్టారు.